నమూనా వాక్యం

కాలువకి నీళ్ళు వదలాలంటే ఏం కావాలని అడిగితే బడిపిల్లలు ముందు నీళ్ళు కావాలంటారు. పిల్లలు గనక అలా అంటారు. కాలువల డివిజన్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా తల నెరిసినవాణ్ణి గనక నాకు అసలు సంగతి తెలుసు. నీళ్ళు వదలాలంటే ఈమెయిలు కావాలి. నీళ్ళున్నాయా లేవా అన్నది ఆ తర్వాత తీరిగ్గా చూసుకోవలసిన విషయం.

పూర్వం కాగితం మీద ఉత్తర్వు వెళ్ళేది. నిరుడు ప్రధాన కార్యాలయం వారు కాగిత రహిత పాలన ప్రకటించి ఆ కాగితాలన్నీ రద్దు చేశారు. అప్పటినుంచీ కాలువ నీళ్ళని ఆపి వదిలే లాకు దగ్గర షట్టరు ఎత్తాలన్నా, ఎత్తింది దించాలన్నా మా ఆఫీసు నుంచి మెయిలు వెళ్ళాల్సిందే. ఫోనులో చెబితే చెల్లదు. లాకు సూపరింటెండెంటు డేవిడ్‌రాజు ఒకసారి ఫోను మాట మీద షట్టరు ఎత్తించి ఇరుక్కున్నాడు. ఎవరు చెప్పారు, ఏ హోదాలో చెప్పారు, చెప్పినప్పుడు స్వరం ఆదేశంలా ఉందా సలహాలా ఉందా అంటూ ఆయనకి మెమో వచ్చింది. దానికి సంజాయిషీ రాసుకుంటూ ఒక వేసవంతా గడిపాడు పాపం. ఇప్పుడు ఎవరు ఫోను చేసినా ఆరోగ్యం గురించి, పిల్లల చదువుల గురించి మాత్రమే మాట్లాడతాడు.

ఇలా మా పాలన సాఫీగా సాగిపోతుండగా, దాళ్వాకి, అంటే రెండో వరిపంటకి, నారుమళ్ళు పోసుకునే రోజుల్లో, పైనుంచి ఒక సర్క్యులరు దిగింది. పెద్దలెవరో ఏదో శిక్షణకి వెళ్ళివచ్చారనీ, అక్కడ ఎవరో అడగ్గా తమ శాఖలో ఎవరు దేంట్లో మెయిళ్ళు రాస్తున్నారో చెప్పలేక తల దించుకున్నారనీ వినికిడి. ఆ అవమానం ఇలా పండింది:

"ఈమెయిళ్ళను కొందరు నేరుగా మెయిలు పెట్టెయందు వ్రాయుచుండుట, కొందరు వేరొకచోట వ్రాసి తెచ్చి అతికించుట, మరికొందరు ఫోనునందు బొటనవ్రేలితో కొట్టుట మా దృష్టికి వచ్చినది. ఇది పాలనా ఏకరూపతకు గొడ్డలిపెట్టు. కావున ప్రతి కార్యాలయము ఒక కమిటీని నియమించి, మెయిళ్ళ కూర్పునకు తగిన టెక్స్ట్ ఎడిటరును ఒక్కదానిని ఎంపిక చేయవలెను. ఎంపిక ఆమోదము పొందువరకు ఎట్టి మెయిలును కూర్పరాదు. విషయమంతయు మెయిలు దేహమునందే యుండవలెను. జతపరచిన పత్రములు చెల్లవు."

మా ఈఈ, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, త్రివిక్రమరావు గారు దాన్ని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు. ఆయన కళ్ళజోడు తీస్తే కమిటీ పుడుతుందని ఆఫీసులో అందరికీ తెలుసు. టెక్స్ట్ ఎడిటరంటే ఏమిటని మాత్రం ఎవరినీ అడగలేకపోయారు. హోదా అడ్డొచ్చింది. చివరికి నన్ను అడగమన్నారు, నేను మా కంప్యూటరు ఆపరేటరు హైమావతిని అడిగాను. అక్షరాలు కొట్టుకునే సాఫ్ట్‌వేరు అని ఆ అమ్మాయి ఒక్క ముక్కలో తేల్చేసింది. ఈఈ గారికి అది నచ్చలేదు. ఒక్క ముక్కలో తేలిపోయేదానికి కమిటీ ఎందుకు?

మట్టపర్తి నూకరాజు మా ఆఫీసు మెట్లెక్కింది ఆ వారంలోనే. శివారు రైతు. అంటే కాలువ చిట్టచివర, ఇక నీళ్ళకి ఓపిక లేదనుకున్న చోట అతని పొలం ఉంటుంది. తొలకరికి వేసిన సార్వా పంటని తుఫాను పట్టుకుపోయింది. దాళ్వా మీదే ఆ ఇంటి ఏడాది తిండి ఆధారపడి ఉంది. ఊరి చెరువులో మిగిలిన అడుగు నీళ్ళు తోడి నారుమడి తడుపుకొచ్చాడు, ఇప్పుడు అవీ అయిపోయాయి. పై ఊళ్ళకి పాత ఉత్తర్వు మీద నీళ్ళు పారుతూనే ఉన్నాయి. శివారు పిల్లకాలువ షట్టరు మాత్రం మూసి ఉంది. అది ఎత్తాలి. అంతే అతని పని.

చేతిలో నారు పిలక ఒకటి పట్టుకొచ్చాడు. పచ్చగానే ఉంది, కొనలు మాత్రం వాడాయి. ఈఈ గారు ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, నీళ్ళ ఉత్తర్వు సూత్రప్రాయంగా సిద్ధంగా ఉందని చెప్పారు.

"కాలవలో నీల్లున్నాయాండి?" అన్నాడు నూకరాజు.

"పుష్కలంగా ఉన్నాయి."

"లాకు దగ్గర మనుసులున్నారా అండి?"

"డేవిడ్‌రాజు ఉన్నాడు. సిబ్బంది ఉన్నారు."

"మరింక లేంది ఏంటండి?"

"ఎడిటరు," అన్నారు ఈఈ గారు.

నూకరాజు నావైపు చూశాడు. నేను ఫైలు వైపు చూశాను. కొన్నేళ్ళ సర్వీసులో ఎటు చూడాలో తెలియనప్పుడు ఫైలు వైపు చూడటం అలవాటవుతుంది. కమిటీలో లబ్ధిదారుల ప్రతినిధి ఒకరుండాలని సర్క్యులరు ఆఖర్లో ఉందని ఈఈ గారికి అప్పుడే గుర్తొచ్చింది. ప్రతినిధి కోసం వెతుక్కుంటూ వెళ్ళే శ్రమ తప్పింది. నూకరాజు కూడా, తాను లోపల కూర్చుంటే పని తొందరగా తెములుతుందనుకుని ఒప్పుకున్నాడు. అమాయకుడు. కమిటీని తొందరపెట్టడానికి కమిటీలో చేరిన మనిషిని నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

అలా అయిదుగురం అయ్యాం. అధ్యక్షులు ఈఈ గారు. ఆర్థిక కోణం చూడటానికి డివిజన్ అకౌంట్స్ ఆఫీసరు పేరయ్య గారు. సాంకేతిక కోణం చూడటానికి హైమావతి. నీళ్ళ కోణం నూకరాజుది. ఏ కోణమూ లేని నేను కార్యదర్శిని.

మొదటి సమావేశంలో కమిటీ పేరు నిర్ణయించాం. అంతలో భోజనాల వేళయింది.

రెండో సమావేశంలో అసలు పనిలో పడ్డాం. ఎడిటర్లని పరీక్షించాలంటే ముందు మన ఆఫీసు ఎలాంటి మెయిళ్ళు రాస్తుందో తెలియాలని ఈఈ గారు సెలవిచ్చారు. నిరుటి నుంచీ పంపిన మెయిళ్ళలో ఉత్తమమైనవి ఏరి ఒక్కో ఎడిటరులో కొట్టి చూడాలన్నారు. మాట బాగానే ఉంది. హైమావతి పంపిన మెయిళ్ళు తెరిచింది. ఒకటి తెరిచింది, ఇంకొకటి తెరిచింది, ఇలా చాలాసేపు తెరిచింది. అన్నీ ఖాళీ.

ఇక్కడ మా ఆఫీసు పద్ధతి చెప్పాలి. ముందు నేను చిత్తుప్రతి చేత్తో రాస్తాను. దాన్ని ఈఈ గారు ఆకుపచ్చ సిరాతో దిద్దుతారు. హైమావతి టైపు చేసి ప్రింటు తీస్తుంది. ప్రింటు మీద సంతకం, సంతకం కింద ముద్ర. ముద్ర ఆరాక ఆ కాగితాన్ని స్కాను చేసి మెయిలుకి జత చేస్తుంది. మెయిలులో మాత్రం ఎవరమూ ఏమీ రాయం. చెప్పవలసిందంతా కాగితం మీద చెప్పాక మళ్ళీ అక్కడేం రాస్తాం? అవతలివాళ్ళు ఆ జతని ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకుని, అందిందని ఇంకో కాగితం రాసి, దాన్ని స్కాను చేసి పంపుతారు. కాగిత రహిత పాలన మొదలయ్యాక మాకొచ్చే కాగితం కట్టలు రెట్టింపయ్యాయి.

అంటే, మా ఆఫీసు పుట్టి బుద్ధెరిగాక ఒక్క మెయిలూ రాయలేదు. ఎందులో రాయాలన్న కమిటీ మాత్రం వేసుకుంది.

ఇక కమిటీ రద్దవుతుందని నేను ఆశపడ్డాను. నూకరాజు కూడా ఆశపడ్డట్టే ఉన్నాడు, కుర్చీలోంచి సగం లేచాడు. కానీ ఈఈ గారిని తక్కువ అంచనా వేశాం.

"గమనించారా?" అన్నారాయన. "తగిన ఎడిటరు లేనందువల్ల ఈ కార్యాలయంలో ఇంతవరకూ ఒక్కరూ ఒక్క అక్షరం కూర్చలేకపోయారు. సమస్య తీవ్రత మనం ఊహించినదానికంటే ఎక్కువగా ఉన్నది. కమిటీ ఆవశ్యకత రుజువైనది."

పేరయ్య గారు రుజువైనదని రాసుకున్నారు. నేనూ రాశాను. నూకరాజు మళ్ళీ కూర్చున్నాడు.

మూడోసారి కలిసేసరికి నూకరాజు తెచ్చిన నారు పసుప్పచ్చగా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాడు. కీబోర్డులో మట్టి పడుతుందని పేరయ్య గారు దాన్ని కిటికీలోకి మార్పించారు. పాత మెయిళ్ళలో కొట్టి చూడటానికి మాటల్లేవు గనక, పరీక్షకి ఒక నమూనా వాక్యం కావాలన్నారు ఈఈ గారు. చిన్నదిగా ఉండాలి, అర్థవంతంగా ఉండాలి, శాఖకి సంబంధించినదై ఉండాలి. అందరం ఆలోచనలో పడ్డాం. పేరయ్య గారు "పై విషయమై తమ దృష్టికి తెచ్చునది యేమనగా" అన్నారు. ఆ తర్వాత తేవలసింది ఏమిటో ఆయనకి తోచలేదు. అక్కడే ఆగిపోయింది.

నూకరాజు ఇక పట్టలేకపోయాడు. "నాకీ ఎడిటర్లూ గిడిటర్లూ తెలవదండి. రాసేదేదో ఇలా రాయండి. నీళ్ళు వదలండి, నారు ఎండిపోతోంది. అంతేనండి. అంతకంటే ఏముంటదండి రాయడానికి?"

ఈఈ గారి ముఖం విప్పారింది. "అద్భుతం. రెండు చిన్న వాక్యాలు. ఒకటి ఆదేశము, ఒకటి కారణము. హైమావతీ, ఇదే నమూనాగా తీసుకో."

అలా నూకరాజు గోడు మా నమూనా అయింది. హైమావతి దాన్ని ఒక్కో ఎడిటరులో కొడుతూ పోయింది. తెల్లగా ఉండేదాంట్లో కొట్టింది. నల్ల తెర మీద పచ్చటక్షరాలు పడేదాంట్లో కొట్టింది. పెద్దక్షరాల్లో, చిన్నక్షరాల్లో, ఎడం పక్కకి, మధ్యకి, కుడి పక్కకి కొట్టింది. నీళ్ళు వదలండి, నారు ఎండిపోతోంది. రాష్ట్రంలో ఏ రైతు మొర కూడా ప్రభుత్వ కంప్యూటరులో అన్నిసార్లు నమోదై ఉండదు. ప్రతిసారీ మేమంతా ముందుకి వంగి, అక్షరాలు ఎలా ఉన్నాయని మాత్రమే చూసేవాళ్ళం. నేనూ చూశాను. 'ళ్ళు' కింది ఒత్తు తెగుతోందని నేనే ఎత్తి చూపాను, కమిటీ నన్ను అభినందించింది.

తెల్లటి ఎడిటరులో ఒక చిన్న గీత టపటప కొట్టుకుంటుంది, అక్షరం పడవలసిన చోట. అది పేరయ్య గారికి బొత్తిగా నచ్చలేదు. మనిషిని తొందరపెడుతున్నట్టుందనీ, ప్రభుత్వోద్యోగిని ఏ యంత్రమూ తొందరపెట్టరాదనీ అభ్యంతరం రాయించారు. నల్లటిది ఇంకోరకం. అందులో ఎలా అడుగుపెట్టాలో హైమావతి ఎవరినో ఫోనులో అడిగి తెలుసుకుంది గాని, బయటికి ఎలా రావాలో వాళ్ళూ చెప్పలేదు. ఆ అమ్మాయి ఏ మీట నొక్కినా అది కదల్లేదు. ఈఈ గారు మాత్రం దానిపట్ల గౌరవంగా మాట్లాడారు. ఒకసారి ప్రవేశిస్తే పదవీ విరమణ దాకా బయటికి రానిది మన సర్వీసు ఒక్కటే అనుకున్నానన్నారు. చివరికి కంప్యూటరు తీగ గోడలోంచి పీకేశాం. ఆ ఎడిటరుకి "స్థిరత్వం" కింద మంచి మార్కులే పడ్డాయి.

ఇక మూడోది. అందులో తెలుగులో ఏ మాట కొట్టినా కింద ఎర్రగీత వచ్చి పడుతుంది. దానికి తెలుగు రాదనీ, అందుకే ప్రతి మాటా తప్పనుకుంటుందనీ హైమావతి చెప్పబోయింది. పేరయ్య గారు వినిపించుకునే స్థితిలో లేరు. ఆయన కళ్ళు చెమర్చాయి. ముప్ఫయ్యేళ్ళుగా ఒక్కో బిల్లు మీద తన చేత్తో వేస్తూ వచ్చిన అభ్యంతరాన్ని ఇది తనంతట తానే ప్రతి మాట మీదా వేస్తోంది. 'నీళ్ళు' మీద అభ్యంతరం. 'వదలండి' మీద అభ్యంతరం. 'నారు' మీద, 'ఎండిపోతోంది' మీద కూడా.

"మన శాఖ స్వభావాన్ని ఇంత లోతుగా అర్థం చేసుకున్న యంత్రం ఇంకొకటుండదు," అన్నారాయన.

అదే ఖాయమైంది. నూకరాజు కూడా చెయ్యెత్తాడు. అతను అప్పటికి దేనికైనా చెయ్యెత్తే స్థితిలో ఉన్నాడు. మడి నెర్రెలిచ్చేసిందనీ, పక్క ఊరి నుంచి ట్యాంకరుతో నీళ్ళు తెచ్చి పోస్తున్నాననీ, ఇంకొద్ది రోజులు గడిస్తే ఏ నీళ్ళు పోసినా నారు లేవదనీ మెట్ల దగ్గర నాతో చెప్పాడు. నేను రేపోమాపో అన్నాను. అబద్ధమాడాలని అనలేదు. మా ఆఫీసులో అన్నిటికంటే దగ్గరి తేదీ అదే.

ఎంపికకి పైవారి ఆమోదం కావాలి. ఆమోదం కోరుతూ మెయిలు పంపాలి. ఆమోదం రాకుండా మెయిలు కూర్చకూడదు. ఎంత తిప్పి చూసినా తిరిగి అక్కడికే వస్తున్నాం. కాగితం రాద్దామంటే కాగితం రద్దయింది. ఫోనంటే డేవిడ్‌రాజు వేసవి అందరికీ గుర్తుంది. చివరికి ఈఈ గారే దారి కనిపెట్టారు. కంప్యూటరునే తీసుకెళ్ళి పైవాళ్ళ ముందు పెడితే అది మెయిలూ కాదు, కాగితమూ కాదు. జీపు వెనక సీట్లో దుప్పటి పరిచి, కంప్యూటరు పెట్టి, నన్ను పక్కన పట్టుకుని కూర్చోమన్నారు. దారిలో కాలువగట్టు వెంటే వెళ్ళాం. కాలువ నిండుగా ఉంది. నీళ్ళు అంచులు ఒరుసుకుంటూ పోతున్నాయి. ఈఈ గారు అటు చూసి, ఈ ఏడు నీటి లభ్యత సంతృప్తికరంగా ఉన్నదన్నారు.

ప్రధాన కార్యాలయంలో కంప్యూటరు ఆరు బల్లల మీద ఆగింది. ప్రతి బల్ల దగ్గరా దాన్ని తెరవడం, నూకరాజు వాక్యం చదవడం, ఎర్రగీతలు చూసి తలాడించడం. ఎవరూ నారు ఎవరిదని అడగలేదు. ఒక పెద్దాయన మాత్రం వాక్యం హృద్యంగా ఉందన్నారు. ఆఖరికి కంప్యూటరు పెట్టె మీదే సీలు వేసి, "ఎడిటరు, అందు ప్రదర్శింపబడిన కూర్పుతో సహా ఆమోదించడమైనది" అని అట్ట అంటించారు. రాష్ట్రంలో అందరికంటే ముందు ఎంపిక పూర్తిచేసిన ఆఫీసు మాదేనట. తిరుగు ప్రయాణంలో ఈఈ గారు ముందు సీట్లో పాట అందుకున్నారు. కంప్యూటరు నా ఒళ్ళో ఉంది.

ప్రారంభోత్సవం నాడు కంప్యూటరుకి బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టాం. నూకరాజు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. చేతిలో నారు లేదు. అది నాకు బాగా అనిపించలేదు గాని, అడగలేదు. తొలి మెయిలుగా ఏం పంపాలన్న చర్చ వచ్చినప్పుడు, ఎలాగూ తెర మీద నమూనా వాక్యం సిద్ధంగా ఉంది గనక, దాన్నే మా కింది లాకులన్నిటికీ ప్రదర్శనగా పంపమన్నారు. విషయం దగ్గర "నమూనా" అని కొట్టించి, ఈఈ గారు తమ చూపుడువేలితో మీట నొక్కారు. అందరం చప్పట్లు కొట్టాం. లాకుల నుంచి వరసగా జవాబులొచ్చాయి. నమూనా అందినదనీ, కూర్పు ప్రశంసనీయమనీ, ఎర్రగీతలు శోభాయమానంగా ఉన్నాయనీ రాశారు. వాళ్ళ ఎడిటర్లు ఇంకా ఎంపిక కాలేదు గదా, ఎందులో రాశారని నేను అడగలేదు.

చప్పట్లు అయ్యాక నూకరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మరి మాది పంపుతారాండి ఇప్పుడు?"

ఈఈ గారు ఉదారంగా నవ్వి, శివారు కాలువ ఉత్తర్వు వెంటనే పంపమని నాకు చెప్పారు. నేను కలం తీసి చిత్తుప్రతి మొదలుపెట్టాను. ఏ కాలువ, ఏ షట్టరు, ఎన్ని అడుగులు ఎత్తాలి, ఎప్పటిదాకా. పేరయ్య గారు నా భుజం మీదుగా చూసి, ఆగమన్నారు. పెట్టె మీద అట్ట చూపించారు. ఆమోదించింది ఎడిటరుని ఒక్కదాన్నే కాదు, అందులో ప్రదర్శింపబడిన కూర్పుతో సహా. అంటే ఆ ఎడిటరులో ఆ వాక్యం తప్ప మరే మాట కొట్టినా అది ఆమోదం లేని కూర్పు అవుతుంది. కొత్త మాటలకి మళ్ళీ పైకి వెళ్ళాలి.

నేను ఆయన ముఖంలోకి చూశాను. పరిహాసమేమీ లేదు. ఆ మనిషి నమ్మి చెబుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ అట్ట మీద రాసింది అదే, కాదనడానికి లేదు.

ఈఈ గారు రెండు నిమిషాలు ఆలోచించి, ఇందులో చిక్కేమీ లేదన్నారు. నూకరాజుకి కావలసింది నీళ్ళు వదలడమే, ఆమోదం పొందిన వాక్యం చెప్పేదీ నీళ్ళు వదలమనే. ఆ వాక్యాన్నే ఉత్తర్వుగా డేవిడ్‌రాజుకి పంపండన్నారు. నిజమేననిపించింది. మొట్టమొదటిసారి ఆ వాక్యాన్ని దాని అర్థంలో వాడుతున్నాం. హైమావతి ఎంతో శ్రద్ధగా కొట్టింది. నూకరాజు తెర మీది అక్షరాల వైపు చూస్తూ, పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. మెయిలు వెళ్ళింది.

అరగంటలో జవాబు వచ్చింది. "నమూనా రెండవ ప్రతి అందినది. మొదటిదానికంటె బాగున్నది. భద్రపరచడమైనది."

నేను ఫోను చేశాను. డేవిడ్‌రాజు ముందు నా మోకాళ్ళ నొప్పుల గురించి అడిగాడు. ఇది నమూనా కాదయ్యా, ఉత్తర్వు, షట్టరు ఎత్తించు అన్నాను.

"ఆ ముక్క మెయిల్లో రాయండి సార్. ఇది నమూనా కాదు, ఉత్తర్వు అని. రాసిన నిమిషంలో నేనే వెళ్ళి ఎత్తుతాను. నోటిమాట మీద నన్ను ఇంకోసారి ఇరికించకండి, పిల్లలున్నోణ్ణి," అన్నాడు.

ఆ ముక్క రాయడానికి మాకు ఆమోదం లేదు. ఆ సంగతి అతనికి ఎలా చెప్పను? చెప్పాను. అతను నిట్టూర్చి, మోకాళ్ళకి నువ్వులనూనె మర్దన మంచిదన్నాడు.

నూకరాజు తానే లాకు దగ్గరికి వెళ్ళాడట. తర్వాత డేవిడ్‌రాజే చెప్పాడు నాకు. మెయిలు తెరిచి చూపిస్తే నూకరాజు అది చదివి, "ఈ మాట అన్నది నేనేనండి" అన్నాడట. డేవిడ్‌రాజు కుర్చీలోంచి లేచి, చాలా బాగా రాశారండీ అని చెయ్యి కలిపాడట. ఏం చెయ్యను సార్, ఇంకేమనాలో తోచలేదు అన్నాడు నాతో. షట్టరు తాళం ఆ గదిలోనే మేకుకి వేలాడుతోంది. ఇద్దరూ దానికేసి చూడలేదట.

కొత్త మాటలకి ఆమోదం కోసం కంప్యూటరుని మళ్ళీ జీపెక్కించేలోపు నూకరాజు నారుమడిలోకి గేదెల్ని తోలేశాడు. ఎండినదైనా మేత మేతే గదా. నాట్లు పడని చేలో ఆ ఏడు ఏమీ లేదు. అతను ఊళ్ళో లేడని, భీమవరం పక్క రొయ్యల చెరువుల మీద కాపలాకి కుదిరాడని విన్నాను. నీళ్ళ మధ్యనే పని. ఈ మాట ఆఫీసులో చెబితే, అలాగైనా అతని నీటి సమస్య తీరిందన్నారు పేరయ్య గారు. అప్పుడు కూడా ఆయన పరిహాసమాడలేదు. ఆయన్ని కొట్టాలనిపించింది నాకు. కొట్టలేదు, ఆయన పెన్షను కాగితాల మీద నా సంతకం, నా వాటి మీద ఆయన సంతకం ఉండాలి.

ఏకరూపతకిచ్చే తొలి బహుమతి మా డివిజనుకే వచ్చింది. దాంతోపాటు నమూనా వాక్యాన్ని పెద్దక్షరాల్లో అచ్చు వేయించి, ఎర్రగీతలతో సహా అద్దాల పటం కట్టించి పంపారు. దాన్ని ఆఫీసు వరండాలో, వచ్చేవాళ్ళకి ఎదురుగా కనిపించేట్టు తగిలించాం. నీళ్ళు వదలండి, నారు ఎండిపోతోంది. ఎండలో పడి వచ్చిన జనం మొదటి సగం చదివి, కింద కుళాయి కోసం వెతుక్కునేవాళ్ళు. నీళ్ళెక్కడండీ అని లోపలికి వచ్చి అడిగేవాళ్ళు. రోజంతా ఇదే గొడవ. విసిగిపోయి ఈఈ గారు పటం కింద ఒక స్టూలు వేయించి, తాగేనీళ్ళ క్యాను ఒకటి పెట్టించారు. ఇన్నాళ్ళకి ఆ వాక్యానికి ఫలితం వచ్చింది. ఆ క్యానెడు నీళ్ళే.

వేసవి ముదిరాక ఒక మధ్యాహ్నం నూకరాజు వచ్చాడు. వచ్చే సార్వాకి శివారు నీళ్ళ సంగతి కనుక్కుని వెళ్ళాలని. బాగా నల్లబడ్డాడు. ఈఈ గారు భోజనం చేసి కునుకు తీస్తున్నారని, కూర్చోమన్నాను. కూర్చోలేదు. పటం ముందు నిలబడి, తన వాక్యం మొత్తం చదివాడు. కింద క్యాను చూశాడు. గ్లాసు పట్టుకుని నీళ్ళు వంపుకున్నాడు. సగం తాగాడు. మిగిలిన సగం పట్టుకుని మెట్లు దిగి, పక్కనున్న క్రోటన్ మొక్క కుండీలో పోశాడు. అది ఎప్పుడో ఎండిపోయింది, మేమెవరం గమనించలేదు. గ్లాసు తెచ్చి క్యాను మీద బోర్లించి, "వస్తానండి, కబురు చెయ్యండి" అని వెళ్ళిపోయాడు. దేనిమీద కబురు చెయ్యాలో అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈఈ గారు నిద్ర లేచే ఉన్నారు. కిటికీలోంచి అంతా చూశారు. నన్ను పిలిచి, కళ్ళజోడు తీశారు. ఆఫీసు ఆవరణలో, ఆఫీసు నీటిని, సాగు నిమిత్తం, మెయిలు లేకుండా వదలడం జరిగినదనీ, ఇది ఏ నిబంధన కిందికి వస్తుందో, ఆ వ్యక్తిపై ఎట్టి చర్య తీసుకోవాలో తెలుపవలసిందిగా పైవారికి వెంటనే రాయమన్నారు.

హైమావతిని లేవమని నేనే కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆమోదం పొందిన ఎడిటరు తెరిచాను. ఖాళీ తెర మీద ఒక్క ఎర్రగీత లేదు. ఖాళీకి ఎవరి ఆమోదమూ అక్కర్లేదు. మా ఆఫీసు పాత సంప్రదాయం ప్రకారం, ఒక్క అక్షరం కొట్టకుండా పంపేశాను.